నాలుగో గేరు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇరవై ఆరేళ్ళుగా డ్రైవింగ్ నేర్పి బతుకుతున్నాను. కూర్చుని చేసే పనే, కానీ కింద చక్రాలు తిరుగుతూ ఉండాలి. కదలని కుర్చీలో పది నిమిషాలుంటే నా మోకాళ్ళు వాటంతటవే ఊగడం మొదలెడతాయి. ఇక నోరంటారా, అది నిద్రలో కూడా ఆగదని మా ఆయన అనేవాడు. పాపం, ఆయన పోయి పదిహేనేళ్ళయింది.

ఆ ఫోను వచ్చినప్పుడు కూడా కార్లోనే ఉన్నాను. స్టీరింగ్ దగ్గర మందుల షాపావిడ. వెనక ఏమొస్తోందో అద్దంలో చూడమంటే జుట్టు సర్దుకునే రకం. ఫోన్లో మేత్రాణుల వారి ఆఫీసు, అంటే మా బిషప్ గారి ఆఫీసు నుంచి సిస్టర్.

"అమ్మగారూ, మీరు రాసిచ్చిన జవాబుల గురించి ఫాదర్ గారు మీతో మాట్లాడాలంటున్నారు. గురువారం పదింటికి రాగలరా?"

"అంతా రాసిచ్చాను కదమ్మా. పద్నాలుగు పేజీలు."

"అవునండీ. చదివాం," అంది సిస్టర్.

ఆ 'చదివాం' అన్న తీరు నాకు నచ్చలేదు. ఇంతలో మందుల షాపావిడ పాల వ్యాను మీదికి పోనిచ్చింది. నా కాలి కింద రెండో బ్రేకుంది కాబట్టి సరిపోయింది. మా డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. స్టూడెంట్లు చంపబోయినవాళ్ళని నేను కాపాడుతుంటాను, అదీ నా ఉద్యోగం.

సంగతేమిటంటే, మా పండుకి తొమ్మిదేళ్ళ క్రితం చర్చిలో పెళ్ళయింది. పండు నా ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ళు కాపురం చేసి ఒక సూట్‌కేసుతో వచ్చేసింది. ఏడాది తిరిగేసరికి కోర్టు విడాకులిచ్చింది. వచ్చిన కొత్తలో రోజుకి పదకొండు గంటలు పడుకునేది, తక్కిన టైమంతా గోడకేసి చూసేది. నేనేమో కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ "లే, నడు, తిను, కాస్త నవ్వు" అని వెంటపడేదాన్ని. మెల్లగా లేచింది. రక్తపరీక్షల ల్యాబులో పని వెతుక్కుంది, వేరే గది తీసుకుంది. ఆ ల్యాబుకే షుగర్ చూపించుకోవడానికి ఒక లెక్కల మాస్టారు వచ్చేవాడు. షుగర్ అదుపులోకి వచ్చాక కూడా వస్తున్నాడేమిటా అని ల్యాబంతా నవ్వుకున్నారట. మంచివాడు. తక్కువ మాట్లాడతాడు, కానీ మాట్లాడతాడు.

ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. కోర్టు విడాకులిచ్చినా చర్చి లెక్కలో పండు ఇంకా పెళ్ళయిన మనిషే. చర్చిలో మళ్ళీ పెళ్ళి కావాలంటే మేత్రాసనం వాళ్ళ న్యాయపీఠం, అంటే బిషప్ గారి కింద ఉండే చర్చి కోర్టు, ఆ మొదటి పెళ్ళిని తవ్వి చూడాలి. అది అసలు పెళ్ళిగా కుదిరిందా లేదా అని తేల్చాలి.

"ఈ గోలంతా దేనికే? రిజిస్టరాఫీసుకెళ్ళి సంతకాలు పెట్టుకోండి, ఎవడొద్దన్నాడు," అన్నాను నేను.

"అమ్మా, అందరి ముందు దేవుడి దగ్గర నిలబడి ఒక మాట ఇచ్చాను. అది నా మాట కాదని అక్కడే తేలాలి. అప్పటిదాకా ఇంకొకరికి మాటివ్వడానికి నాకు నోరు రాదు."

"తేలకపోతే?"

"నాకోసం ఆగొద్దని మాస్టారికి చెప్పేస్తాను."

చెప్పేస్తుంది కూడా. పైకి మెత్తగా ఉంటుంది గానీ లోపల రాయి. అందుకే సాక్షిగా నా పేరిచ్చి ప్రశ్నల కాగితం నా చేతిలో పెట్టినప్పుడు, నా కూతురి జీవితం ఇప్పుడు నా పెన్నులో ఉందనుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని రాశాను. నేను! కూర్చుని!

ఏం రాశాననుకున్నారు? అల్లుడి మీద పన్నెండు పేజీలు దంచాను. నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు. చర్చి పాటల బృందంలో కీబోర్డు వాయించేవాడు. ఆదివారం అందరికీ దేవదూత. ఇంటికొస్తే మూతి బిగించుకునేవాడు. ఒకసారి మూడు వారాలు పండుతో మాట్లాడలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కాగితం మీద రాసి అడిగాడట! అవన్నీ తేదీలతో సహా రాశాను. పెళ్ళి గురించిన ప్రశ్నలకి మాత్రం రెండు పేజీల్లో చక్కగా, కుటుంబం పరువు నిలబడేలా రాశాను. "అమ్మాయి పూర్తి ఇష్టంతో, సంతోషంగా పెళ్ళికి వచ్చింది. ఎవరి బలవంతమూ లేదు. అంతా దైవ దీవెనతో జరిగింది."

నాకది చేతికి అలవాటైన వాక్యం. మా చర్చిలో ఎవరి పిల్లలకి పెళ్ళి కుదిరినా, ముందుగా ఫాదర్ గారి దగ్గర సాక్షి సంతకం పెట్టడానికి నన్ను పిలుస్తారు. అమ్మాయి మంచిది, కుటుంబం మంచిది, బలవంతం లేదు, ఇంతే. పాతిక పెళ్ళిళ్ళకి రాసుంటాను. ఇరవై ఆరోదానికి చెయ్యి దానంతటదే రాసేసింది.

పైగా చదివేవాళ్ళకి విసుగు పుట్టకుండా నా జోకు కూడా రాశాను. ఆ జోకు మా బంధువులందరికీ నోటికొచ్చు. పెళ్ళిరోజు పొద్దున మా స్కూలు కారుకే పూలు కట్టాం. పెళ్ళికూతురు తెల్ల గౌనులో తనే నడుపుతూ చర్చికి వచ్చింది, పక్కన నేను. మా స్కూలుకి అంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది! కంగారులో పిల్ల చర్చి మలుపు చూసుకోకుండా దాటిపోబోయింది. "నా వైపు బ్రేకు లేకపోతే పెళ్ళికూతురు పక్క ఊరికెళ్ళి దొరికినవాణ్ణి చేసుకునేది!" అంటాను నేను. ఇక్కడ అందరూ నవ్వుతారు. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కసారి కూడా నవ్వకుండా ఉన్నవాళ్ళు లేరు.

సిస్టర్ ఫోను చేసిన సాయంత్రమే పండు వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"కాగితాలన్నీ చూసుకోమని పిలిచారు. నువ్వు రాసింది చదివాను."

"బాగుందా?" అన్నాను. నిజంగానే అలా అడిగాను, ఏమనుకోకండి.

"అమ్మా, అతనెంత చెడ్డవాడో వాళ్ళకి అక్కర్లేదు. పెళ్ళయ్యాక ఏం జరిగిందో అక్కర్లేదు. ఆ రోజు, ఆ గంటలో, నేను నిజంగా ఒప్పుకున్నానా లేదా, అదొక్కటే వాళ్ళకి కావాలి. నేను ఒప్పుకోలేదని నేను రాశాను. నా కన్నతల్లేమో పూర్తి ఇష్టంతో వచ్చిందని రాసిచ్చింది. ఇంకేముంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే నిన్ను బలవంతంగా కట్టబెట్టానని రాయమంటావా? మెడ మీద కత్తి పెట్టానా? తండ్రి లేని పిల్లని గాలికొదిలెయ్యకుండా మంచి సంబంధం చూసి చేస్తే, చివరికి ముద్దాయిని నేనా?"

"నిన్నేమీ రాయమనడం లేదు. ఏం చెప్పాలో నేను నీకు చెప్పకూడదు కూడా. వాళ్ళు అడిగితే జరిగింది చెప్పు. అంతే."

"జరిగిందే రాశాను!"

పండు నన్ను అలాగే చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు సుఖంగా ఉండేది, అరుపులో నన్ను మించినవాళ్ళు లేరు. కానీ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బస్సుకి. మా అమ్మాయి కారు నడపదు. డ్రైవింగ్ స్కూలు నడిపేదాని కూతురు బస్సుల్లో తిరగడమేంటని జనం అడిగితే, బద్ధకం అని చెప్పేదాన్ని.

గురువారం దాకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ నేను మనిషిని కాను. ఒక స్టూడెంటుని ఒకే రౌండ్‌అబౌట్ చుట్టూ ఏడుసార్లు తిప్పాను, పాపం వాడు "మేడం, ఇక తిరిగింది చాలేమో" అనేదాకా గమనించలేదు. మందుల షాపావిడ ఇచ్చిన నిద్రమాత్ర మింగినా నిద్ర రాలేదు. ఏం చెప్పాలి? కాస్త అటూ ఇటూ చెబితే పోలా? పెళ్ళికి ముందు పిల్ల కొంచెం దిగులుగా ఉండేది, మేం అంతగా పట్టించుకోలేదు, అని. ఎవరి తప్పూ లేకుండా, వర్షం పడి పంట పాడైనట్టు. అలాగే చెప్పాలని బుధవారం పొద్దుటికి నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నానికి మార్చుకున్నాను. సాయంత్రం మళ్ళీ అదే అనుకున్నాను.

మేత్రాణుల వారి ఆఫీసు మేడ మీద గది. ఫైళ్ళతో కిక్కిరిసిన ఇనప బీరువా, తల తిప్పుతూ తిరిగే టేబుల్ ఫ్యాను, గోడ మీద సిలువ. న్యాయమూర్తి ఫాదర్ పెద్దాయన. జలుబు చేసి ఊరికే ముక్కు తుడుచుకుంటున్నాడు. పక్కన సిస్టర్ టైపు చెయ్యడానికి సిద్ధంగా ఉంది. ఇంకో మూల సన్నగా, కళ్ళజోడుతో ఒక కుర్ర ఫాదర్. ఆయన పని పెద్దాయనే నాకు విడమరిచి చెప్పాడు. ఇక్కడ పెళ్ళికి కూడా ఒక లాయరుంటాడట. భార్య తరఫునా కాదు, భర్త తరఫునా కాదు, పెళ్ళి తరఫున. ఆ పెళ్ళి నిజమైనదే, నిలబడాలి అని వాదించడమే ఆ కుర్రాయన డ్యూటీ.

బైబిల్లోని సువిశేష గ్రంథం మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారు. నిజమే చెబుతాను, దేవుడే సాక్షి.

"ఈ పెళ్ళి రద్దయితే మా అమ్మాయి..." అని మొదలెట్టాను.

"రద్దు చెయ్యడం కాదమ్మా," అన్నాడు పెద్దాయన ముక్కు తుడుచుకుంటూ. "కుదిరిన పెళ్ళిని మేం చెరపలేం. అసలు కుదిరిందా లేదా అని చూస్తాం, అంతే. అది ఆ ఇద్దరూ ఇచ్చిన మాటలో ఉంటుంది. మనస్ఫూర్తిగా ఇచ్చారా, ఎవరికైనా భయపడి ఇచ్చారా, అని."

"మా అమ్మాయి భయపడే రకం కాదు ఫాదర్." ఇదీ నా నోరు. మూడు రోజులు ఆలోచించిందంతా ఏమైందో నాకే తెలియదు.

కుర్ర ఫాదర్ నా కాగితాలు తీశాడు. "అమ్మగారూ, పదమూడో పేజీలో మీరు రాసింది చదువుతాను." చదివాడు. నా జోకు. వార్తలు చదివినట్టు, ఒక్క మాట కూడా పైకీ కిందకీ పోకుండా చదివాడు. నవ్వాల్సిన చోట ఎవరూ నవ్వలేదు. ఫ్యాను నా వైపు తిరిగి, మళ్ళీ అటు తిరిగింది.

"ఇదే సంఘటన మీ అమ్మాయి వేరేలా చెప్పారు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాం," అన్నాడాయన. "నాకు మీరు రాసిందే పనికొస్తుంది. పెళ్ళి కంగారులో దారి తప్పిందంటే బలవంతం ఏమీ లేనట్టే. కానీ నాకు డ్రైవింగ్ రాదు. కొన్ని అడగొచ్చా?"

"అడగండి. అదే కదా నా పని." డ్రైవింగ్ మాట రాగానే ప్రాణం లేచొచ్చింది.

"మలుపు మర్చిపోయిన మనిషి ఏం చేస్తాడు?"

"ఓ, అది రోజూ చూస్తూనే ఉంటాను! మలుపు పక్కకి వచ్చాక తల అటు తిప్పుతాడు. 'అయ్యో' అంటాడు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తాడు. కారు నెమ్మదిస్తుంది. కొందరైతే రోడ్డు మధ్యలోనే ఆపేసి నా మొహం చూస్తారు."

"మీ అమ్మాయి తల తిప్పిందా?"

"తిప్పే ఉంటుంది..." అన్నాను. అని ఆగాను. ప్రమాణం చేసిన చెయ్యి ఒళ్ళో ఉంది. "లేదు. ఎదురుగానే చూస్తోంది."

"కారు నెమ్మదించిందా?"

చూడండి, నేను జోకుల్లో ఎన్ని అబద్ధాలైనా చెబుతాను. సర్టిఫికెట్లలో చెబుతాను, ఫోన్లో చెబుతాను. కానీ స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి ఏం చేశాడన్నది నాకు అబద్ధం చెప్పడం రాదు. ఇరవై ఆరేళ్ళుగా మనుషుల కాళ్ళూ చేతులే చూసి బతికాను. మొహంలో కనబడనిది కాళ్ళలో కనబడుతుంది. మా పండు తెల్లబూటు క్లచ్చు మీద పడడం, అటూ ఇటూ తడుముకోకుండా చెయ్యి గేరు మీదికి పోవడం, గౌను అంచు పెడల్‌కి తగలకుండా మోకాలితో పక్కకి తోసుకోవడం, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

"నెమ్మదించలేదు. గేరు మార్చింది."

"ఏ గేరుకి?"

"మూడులోంచి నాలుగుకి."

"దానర్థం ఏమిటి? నాకు తెలియక అడుగుతున్నాను."

ఆయనకి నిజంగానే తెలియదు. ఆ మొహం చూస్తే తెలుస్తోంది. వల వెయ్యలేదు, పెళ్ళిని కాపాడుకోవాలని అడుగుతున్నాడు, పాపం.

"తిరగబోయేవాళ్ళు గేరు దించుతారు ఫాదర్. పెంచరు. నాలుగో గేరు వేశారంటే..." గాల్లోనే చేత్తో గేరు వేసి చూపించాను. "వెళ్ళిపోతున్నారని అర్థం."

సిస్టర్ వేళ్ళు ఆగాయి. పెద్దాయన రుమాలు బల్ల మీద పెట్టేశాడు.

"మీరేం చేశారమ్మా?"

"బ్రేకు తొక్కాను."

"తర్వాత?"

తర్వాత. తొమ్మిదేళ్ళలో ఎవరూ నన్ను 'తర్వాత?' అని అడగలేదు. నా జోకు బ్రేకు దగ్గరే అయిపోతుంది, అందరూ నవ్వేస్తారు, ఇంకేముంది. మోకాళ్ళు ఊగుతాయని రెండు చేతులతో పట్టుకుని చెప్పాను.

కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. పండు నా వైపు తిరగలేదు. స్టీరింగ్ పట్టుకునే, "అమ్మా, ఒక్కసారి ఊరి బయటిదాకా పోయొద్దాం. ఒక్క అరగంట. తర్వాత నువ్వేం చెబితే అది," అంది. నేను బ్రేకు మీద కాలు తియ్యలేదు. "లోపల మూడొందల మంది కూర్చున్నారు," అన్నాను. "ఆడది కారు నేర్పడమేంటని నన్ను చూసి నవ్వినవాళ్ళంతా లోపలే ఉన్నారు. ఇవాళ వాళ్ళ ముందు నన్ను నవ్వులపాలు చేస్తే సాయంత్రానికి నేను బతికుండను. నన్ను చంపేసి పో," అన్నాను. "నాకొద్దమ్మా," అంది పిల్ల. ఒక్కసారే అంది. "పొద్దున ముస్తాబయ్యేటప్పుడు నోరేమైంది?" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ముసుగు ఎత్తి కళ్ళు తుడిచి, కరిగిన కాటుక సరిచేసి, "నవ్వు," అన్నాను.

"నవ్విందా?" అన్నాడు పెద్దాయన.

"నవ్వింది. నలభై అడుగులు వెనక్కి రావాలి. చక్కగా, ఒక్కసారి కూడా అడ్డదిడ్డం పోకుండా, రివర్స్ చేసుకుంటూ వచ్చి మలుపు తిప్పింది. నేనే నేర్పాను."

కుర్ర ఫాదర్ నా కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. "ఆ తర్వాత మీ అమ్మాయి ఎప్పుడైనా కారు నడిపారా?" అన్నాడు.

"లేదు ఫాదర్," అన్నాను. బద్ధకం అనబోయి నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ.

సిస్టర్ అంతా తిరిగి చదివి వినిపించింది. నా మాటలే, వేరే మనిషి గొంతులో. ఆ తల్లెవరో గానీ చెంప పగలగొట్టాలనిపించింది. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టమంది. పెట్టాను. సిస్టర్ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

తీర్పు నాలుగు నెలలకి వచ్చింది. ఆ పెళ్ళి మొదట్నుంచీ కుదరలేదని. ఆ కుర్ర ఫాదర్ పైకోర్టుకి వెళ్ళలేదు. మాస్టారి షుగర్ ఆ వారం మళ్ళీ పెరిగింది, సంతోషానికే అంటాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ గురువారం మెట్లు దిగుతున్నప్పుడు నాకివేమీ తెలియదు. కేసు గెలిపించానో ఓడించానో కూడా పట్టలేదు. ఒకే ఒక్కటి తెలుసు. కింద మా అమ్మాయి ఉంది, నేను దాని మొహం చూడాలి.

రోడ్డుకి అవతల బస్టాపులో కూర్చుని ఉంది పండు. ల్యాబు కోటు కూడా విప్పకుండా వచ్చింది, జేబులో పెన్నులున్నాయి. నన్ను చూసి లేవలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏం చెప్పావు?"

"జరిగింది చెప్పాను."

"ఏం జరిగింది?" అంది, రోడ్డు వైపే చూస్తూ.

మేడ మీద ముగ్గురు పరాయివాళ్ళ ముందు గడగడా చెప్పేశాను. ఇక్కడ రెండుసార్లు మొదలెట్టి రెండుసార్లూ దగ్గాను.

"నువ్వు వెళ్ళిపోతున్నావు. నేను ఆపేశాను."

"నీకప్పుడు తెలుసా?" అంది పండు.

"ఆ నిమిషం తెలుసు. తెలిసే ఆపాను. ఆ తర్వాత తెలియకుండా చేసుకున్నాను."

"ఆ సాయంత్రం భోజనాల దగ్గర మైకు పట్టుకుని చెప్పావమ్మా. పెళ్ళికూతురు కంగారులో మలుపు మర్చిపోయిందని. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"ప్రతి పుట్టినరోజుకీ చెప్పావు. అతని ముందు చెప్పావు. అతనూ నవ్వేవాడు. వినగా వినగా నాకే అనుమానం వచ్చేసింది. నిజంగానే మలుపు చూసుకోలేదేమో, వెళ్ళిపోవాలనుకోవడం నేనే తర్వాత కల్పించుకున్నానేమో అని. అతను మాట్లాడకుండా కూర్చున్నప్పుడల్లా అనుకునేదాన్ని, ఇష్టపడి చేసుకుని ఇప్పుడు ఏడుస్తున్నానేమిటి, నా బుర్రే చెడిపోయిందేమో అని. ఆరేళ్ళు, అమ్మా. ఈ కాగితాలు రాసేటప్పుడు కూడా, ప్రమాణం చేసి అబద్ధం రాస్తున్నానేమోనని భయపడ్డాను."

ప్రతి నెలా పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు మోకరించి దేవుణ్ణి క్షమించమని అడుగుతాను. కోపం ఎక్కువ ఫాదర్, నోరు ఎక్కువ ఫాదర్, అని. కన్నబిడ్డని ఎప్పుడూ అడగలేదు. ఎలా అడుగుతారో కూడా తెలియదు.

"తప్పు నాదే పండూ," అన్నాను. "నువ్వు మలుపు మర్చిపోలేదు."

పండు మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోయి, ఏడవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగేదే, అలా.

"ఇంకోసారి చెప్పు," అంది.

"తప్పు నాదే."

"అది కాదు. రెండోది."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు మా వైపు చూశాడు. పండు కదల్లేదు, నేనూ కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

"నువ్వు మలుపు మర్చిపోలేదు. వెళ్ళిపోవాలనే వెళ్ళావు. నేను చూశాను."

"ఇంకోసారి."

చెప్పాను. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.